గౌరవాధ్యక్షుడి శాలువా

బ్రిటన్ ప్రధాని తన ఇంటి ముందు నిలబడి రాజీనామా ప్రకటిస్తుంటే, నేను భూగోళానికి ఇంకో కొసన, కెల్లీవిల్‌లో అంకుల్ గారింట్లో మిర్చి బజ్జీలు తింటూ టీవీలో చూశాను. ఆయన్ని దింపింది సొంత పార్టీవాళ్లే. మొన్నటిదాకా ఆయన వెనక చేతులు కట్టుకుని నిలబడ్డ ఘనులే. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే జాతి.

"సిగ్గుండాలయ్యా వీళ్లకి," అన్నారు అంకుల్. "దిగిపొమ్మని ఒక్కడన్నా ఫేస్ మీద చెప్పాడా? అంతా బ్యాక్‌సైడ్ పాలిటిక్సే!"

అంకుల్ మా తెలుగు సంఘానికి పదకొండేళ్లుగా అధ్యక్షులు. నేను కార్యదర్శిని. ప్రతి ఉగాదికీ ఆయన ప్రసంగం మొదలైతే పులిహోర చల్లారిపోవాల్సిందే. మైకు వదిలేవారు కాదు, కుర్చీ అసలే వదిలేవారు కాదు. ఆ రోజు నా జేబులో ఒక కాగితం ఉంది. ఈసారి పోటీ చేయవద్దని కమిటీ అంతా సంతకాలు పెట్టిన ఉత్తరం. మొదటి సంతకం నాదే. నేనంటే ఆయనకు ప్రేమ కాబట్టి కమిటీవాళ్లు దాన్ని నన్నే ఇవ్వమన్నారు. ఈ దేశంలో దిగిన కొత్తలో రెండు నెలలు నన్ను తన ఇంట్లో ఉంచుకుని, కారు నడపడం నేర్పిన మనిషి ఆయన.

ఇంకో బజ్జీ తిన్నాను. ఉత్తరం జేబులోనే పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

"యు ఆర్ యూజ్‌లెస్ బ్రో! సరేలే, దీపావళికి సన్మానం పెట్టేద్దాం," అన్నాడు కోశాధికారి. మనవాళ్ల తెలివే తెలివి! మనిషిని కుర్చీలోంచి లేపాలంటే తిట్టక్కర్లేదు, దండ వేస్తే చాలు. అంకుల్‌ని వేదిక మీదికి పిలిచి, 'శాశ్వత గౌరవాధ్యక్షులు' అని మైకులో ప్రకటించి, ఆ వెంటనే కొత్త అధ్యక్షుడి పేరు చదివేశారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. బ్రిటన్‌వాళ్లు మాకన్నా నయం, వాళ్లు కనీసం శాలువా కప్పలేదు. ఆ పని నాకు అప్పగించారు. బుద్ధిగా కప్పాను.

ఆయన తల వంచి, నాకొక్కడికే వినపడేలా అన్నారు: "ఆ రోజు బజ్జీలు తినేటప్పుడే చెప్పొచ్చు కదయ్యా. నువ్వు అడిగితే దిగేవాణ్ణి."

ఫొటో తీసేవాడు ఇటు చూడమన్నాడు. ఆయన చూడలేదు. నేను చూశాను, నవ్వాను కూడా.