మిషను చప్పుడుకు చెక్కభజన

మొన్న కళ్యాణదుర్గంలో షేర్ ఆటో ఎక్కితే, పాట మోతకి సీటంతా అదురుతుంటే పక్కనున్నామె చెవులు మూసుకుంది గానీ, నాకు మాత్రం రేడియోలు బాగుచేసే మా మరిది గుర్తొచ్చాడు. అలాంటి మోత ఎనభైల్లోనే మా ఇంటి వసారాలో పుట్టింది మరి.

పాడైన రేడియోల సామానుతో అతను ఒక పెట్టె చేసుకున్నాడు, దాని మీది గుండ్రటి మర తిప్పితే అది పిల్లిలా మొదలై రైలులా కూసేది. మిల్లులో వేరుశనక్కాయలు ఒలిచే మిషను చప్పుడును పెద్ద చక్రాల టేపులో పట్టి, ఆ టేపు ముక్క కోసి, కొసలు రెండూ అతికించి దండ చేస్తే, అదే చప్పుడు తాళంలాగా తిరిగి తిరిగి మోగేది. ఆ దండ జారిపోకుండా చపాతీ కర్రకు తగిలించి బిగుతుగా పట్టుకోవడం వదినగా నా పని.

చేతుల్లో చెక్కలు వాయిస్తూ అడుగులేసే చెక్కభజనకి మా మామ గురువు, ఆయనకి ఇదంతా ఒళ్లుమంట. "ఏమిరా, మిల్లులో మోత చాలక ఇంట్లో గూడానా? ఉట్ల పరుషలో జనం దీనికి అడుగేస్తే సరి, ల్యాకుంటే ఆ పెట్టె పారేసి చేనికి రా" అన్నాడు.

పరుషనాడు, అంటే ఉట్ల తిరునాళ్ల రోజు మధ్యాహ్నం, చపాతీ కర్రతో నిలబడిన నన్ను చూసి జనం ఒకటే నవ్వు. అంతకన్నా ఘోరం, చెక్కభజనలో గురువు కేక వేస్తే తాళం ఒక్క క్షణం ఆగి అడుగు మారాలి కదా, ఆ సంగతే మాకు తోచలేదు. టేపు ఎవరి కేకా వినదాయె, ఆడేవాళ్ల అడుగులు తడబడి ఒకరి మీద ఒకరు పడ్డారు.

"ఏమప్పా, నీ మిషనుకు చెవుల్లేవా?" అని ఎవరో ఎగతాళి చేశారు.

మరిది మొహం వాడిపోయింది గానీ, ఒక చెయ్యి టేపు మోత తగ్గించే మర మీద, ఇంకో చెయ్యి పెట్టె మర మీద వేసి, చూపు తండ్రి పెదాల మీదే నిలిపాడు. మామ కేక వేయగానే మోత అణిగింది, పెట్టె కూత లేచింది, కొత్త అడుగు పడింది. పరీక్షకన్నట్టు మామ కేక మీద కేక వేశాడు, ఒక్కటీ తప్పలేదు. చివరికి ఆయనే చెక్కలు అందుకుని వరసలోకి దూకి, "రేయ్, ఆపొద్దురా! కానీ!" అని అరిచాడు.

ఆ తర్వాత బెళుగుప్ప, గుమ్మఘట్ట భజన బృందాలు మా వసారాకే వచ్చి క్యాసెట్లు చేయించుకునేవి, అతని దగ్గర నేర్చినవాళ్లు ఊరూరా పాటలు కట్టారు.

ఇప్పుడు ఆ పనంతా కంప్యూటర్ ముందు ఒక్కరే కూర్చుని చేసేస్తారట, మంచిదే. అప్పుడు మాత్రం పాట పట్టడానికి మరిది టేపు తిప్పితే, వేరే చప్పుడు పడకుండా అత్త రోలు ఆపేది, మామ వచ్చే దగ్గును కండువాలో నొక్కుకునేవాడు. ఒక పాట కోసం ఇల్లంతా అలా ఊపిరి బిగబట్టడం మళ్లీ నేను చూడలేదు.