పెనుకొండలో దిగిన రోజు

పక్కింట్లో అమ్మవారు పోసిందని మాకు తెలిసేటప్పటికే పది పన్నెండు రోజులు దాటాయి. మశూచి అని నోటితో అనేవాళ్లం కాదు. గుమ్మానికి వేపమండలు కూడా కట్టకుండా వాళ్లు దాచిపెట్టారు. అన్నాళ్లూ ఎనిమిది నెలల నా కూతురు రోజూ వాళ్ల ఒళ్లోనే ఆడింది.

అరవైల మొదట్లో సంగతి. ధర్మవరంలో మాది పట్టుచీరల అంగడి. విషయం బయటపడగానే మా అత్త నన్ను, బిడ్డను హిందూపురంలో మా అమ్మ దగ్గరికి పొమ్మంది. జబ్బున్న వీధి వదిలితే జబ్బును వదిలినట్టేనని అందరం నమ్మాం. నేనూ నమ్మాను, నా తెలివి మండ!

రైల్లో బిడ్డ ఒళ్లు కాస్త కాలింది. ఇంజను వేడి అనుకున్నాను. నేరుగా హిందూపురం పోయుంటే సరిపోయేది. కానీ దారిలో పెనుకొండలో మా అక్క ఉంది. తోబుట్టువు ఊరు దాటిపోతూ ఆ ఇంట్లో ఒక పూట తినకుండా పోతే మా వాళ్లలో ఏళ్ల తరబడి ఎత్తిపొడుస్తారు. అందుకని దిగాను.

"ఒళ్లు వెచ్చగా ఉండాదే," అంది అక్క, బిడ్డను ఎత్తుకుని.

"పండ్లొస్తాండాయిలే," అన్నాను.

అక్కకు ఒక్కడే కొడుకు, ఐదేళ్లవాడు. చెల్లెలు వచ్చిందని వాడికి ఒకటే సంబరం. తన అన్నంలోంచే మెత్తగా పిసికి దాని నోట్లో పెట్టాడు, అదే చేత్తో తనూ తిన్నాడు. ఇద్దరికీ టీకాలు లేవు. టీకా మనిషి వీధిలోకి వస్తే తలుపు వేసుకునే ఇళ్లు మావి.

హిందూపురం చేరిన రెండోనాడు బిడ్డ ముఖం మీద పొక్కులు లేచాయి. అక్కకు ఉత్తరం రాస్తానన్నాను. అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్లూ గడప దాటి చిన్న కాగితం కూడా పోకూడదని మా అమ్మ రాయనివ్వలేదు. అప్పటికే మేము పెనుకొండలో ఒక పూట ఉండి వచ్చామన్న సంగతి ఆమె లెక్కలోకి రాలేదు.

నా కూతురు మచ్చలతో బతికింది. అక్క కొడుకు బతకలేదు. అమ్మవారు తీసుకుపోయిన బిడ్డ కోసం ఏడవకూడదని పెద్దవాళ్లు అంటే, అక్క ఏడవలేదట.

మూడు నెలలకు గానీ ఆమె ముఖం చూసే ధైర్యం రాలేదు నాకు. బిడ్డను ఎత్తుకుని వెళ్లేసరికి అక్క వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. తప్పు నాదేనని, బిడ్డ ఒళ్లు కాలుతోందని తెలిసే దిగానని చెప్పేశాను.

అక్క తలెత్తలేదు.

"ఆ పొద్దు నువ్వు దిగకుండా పోయింటే, నేనే నీమింద అలిగింటాను," అంది.

తర్వాత లేచి నాకు అన్నం పెట్టింది, మారు వడ్డించింది. నా కూతురు ఆమె దగ్గరికి పాకి వెళ్లి చేతులు చాపింది. అక్క మాత్రం దాన్ని ఎత్తుకోలేదు.