మీ లూ పటంలో లేని ఊరు

మీ లూ అనేవాడు చచ్చాక కూడా అబద్ధమే చెప్పించాడు. అదీ కొడుకు నోటితో.

నట్టింట్లో శవానికి జనపనార చెప్పులు తొడిగారు. పక్కనే, పోయినవాళ్ళకి పాటతో దారి చెప్పే ముసలాయన వాంగ్ చూ, ముందు నడిచే కోడిపుంజును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పోయినవాడు బతికిన ఊళ్ళన్నీ దాటుకుంటూ వెనక్కి నడిచి, పుట్టిన ఇంటికి చేరాలి. అక్కడ నడిమి స్తంభం కింద, కాన్పు కాగానే పాతిన మాయే వాడి తొలి చొక్కా. అది తొడుక్కుంటేనే పెద్దలు గుర్తుపట్టి లోపలికి రానిస్తారు. పాటలో ఊరు తప్పితే ఎప్పటికీ బయటే తిరుగుతుంటాడు.

"మీ నాన్న ఎక్కడ పుట్టాడ్రా?" అని అడిగాడు వాంగ్ చూ.

"లోయలో, దొరగారి కోటలో," అన్నాడు కొడుకు సీ గర్వంగా.

పొయ్యి దగ్గరున్న మేనత్త పా ఒళ్ళు మండిపోయింది. తమ్ముడంటే ఆమెకు అసహ్యం. వాడు చచ్చినంత మాత్రాన అదేమీ తగ్గలేదు. కోటట, కోట! తమ నాన్న ఆ దొరగారి నల్లమందు మూటల్ని మోసి సరిహద్దు దాటించిన కూలీ. కోట గుమ్మం లోపల ఏనాడూ కాలు పెట్టలేదు. మీ లూ పుట్టింది సరిహద్దు కొండ మీది తోడేలుబండలో. అక్కడ మట్టిని బుట్టలతో మోసుకెళ్ళి, రాళ్ళ గుంటల్లో నింపి మొక్కజొన్న వేస్తారు. పసివాడిగా ఉన్నప్పుడు వీణ్ణి ఆ బుట్టలో మట్టి మీదే కూర్చోబెట్టి మోసింది పా.

నాలుగు అక్షరాలు రాగానే వాడికి సర్కారు ఆఫీసులో కుర్చీ దొరికింది. ఏ దొర ఏ కనుమలో ఎవర్ని తరిమాడో, ఏ నది ఎక్కడ సరిహద్దు దాటుతుందో వచ్చినవాళ్ళందరికీ ఊదరగొట్టేవాడు. ఆఫీసు గోడ మీద సీమ పటం గీసిందీ వాడే. పందులు పొర్లే వాగుకి కూడా అందులో పేరుంది. తోడేలుబండ ఉండాల్సిన చోట మాత్రం 'రాళ్ళు' అని రాశాడు. ఆ పటం చూసి వేసిన రోడ్డు కొండ కిందే ఆగిపోయింది. ఊరి పేరు రాయమని అడగడానికి పా వెళితే, "మా ఇంట్లో పనిచేసిన మనిషి," అని పక్కనున్న అధికారితో అన్నాడు.

పోనీ, కోటకే పోనీ, అనుకుంది పా. ఎవడ్రా నువ్వని అక్కడివాళ్ళు తరిమేస్తే తిక్క కుదురుతుంది. కానీ తోడేలుబండలో, పెద్దల్లో కలిసిన అమ్మ వీడికోసం ఎదురుచూస్తుంటుంది.

వాంగ్ చూ పాట ఎత్తుకోబోయాడు.

"ఆగు పెద్దాయనా. కోటా లేదు, వీడి బొందా లేదు. పుట్టింది మా ఊళ్ళో."

"అత్తా, ఇంతమంది ముందు..." అన్నాడు సీ.

"ఇంతమంది ముందే. ఊరి పేరు నువ్వే చెప్పు."

సారా తాగుతున్న ఆఫీసువాళ్ళు ఇటు తిరిగారు. సీ తలొంచుకున్నాడు. "తోడేలుబండ."

"నోట్లో ఏముందిరా? గట్టిగా!"

సీ మళ్ళీ చెప్పాడు, అందరికీ వినిపించేలా.

"రోడ్డు చివరిదాకా నాకు తెలుసమ్మా," అన్నాడు వాంగ్ చూ. "ఆ పైన దారెటు?"

"దారా? వీడు వేయనిస్తే కదా! రాళ్ళ మీద దేక్కుంటూ రమ్మను. మా ఇంటి నడిమి స్తంభం కూలకుండా రాళ్ళు పేర్చి నిలబెట్టాను. అమ్మ పోతూ అడిగిందని. వీడి మొహం చూసి కాదు."

పాట మొదలైంది. రోడ్డు అయిపోయిన చోట వాంగ్ చూ ఆగి పా వైపు చూశాడు.

"మొదట, బుట్టలో వీణ్ణి మోస్తూ నేను జారిపడ్డ బండ," అంది పా.