ప్రకటన ఒకటి, ఊహలు రెండు

బ్యాంకు పరీక్ష నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ తప్పినవాడికి జమ్మలమడుగులో దొరికే ఉద్యోగం ఒకటే: బ్యాంకు పరీక్షకు పాఠాలు చెప్పడం. నాకు అదే దొరికింది. ఎరువుల అంగడి మీద మేడగది, ముప్పై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తెల్లబోర్డు. కింద నుంచి పురుగుమందు వాసన మెట్లెక్కి మాతోబాటు క్లాసులో కూర్చునేది. పొద్దున ప్రొద్దుటూరులో బస్సెక్కి వెళ్ళి రీజనింగ్ చెప్పేవాణ్ణి. మధ్యాహ్నానికి తిరిగొచ్చి మా బట్టలంగట్లో చీరలు మడతపెట్టేవాణ్ణి.

క్లాసులో నేను అందరికీ నచ్చాను. దానికి కారణం నా చదువు కాదు, నా నోరు. మూడు తరాలుగా గుడ్డ చించి అమ్మిన ఇంట్లో పుట్టినవాణ్ణి. చీరను చేతిలోకి తీసుకున్న ఆవిడ కొంటుందా, పొద్దుపోక వచ్చిందా అన్నది ఆవిడ కూర్చునే తీరులోనే మాకు తెలిసిపోతుంది. అందుకే 'ప్రకటనలు – ఊహలు' అనే అధ్యాయం మొదటిసారి చూసినప్పుడు, ఇది మా ఇంటి సరుకే కదా అనుకున్నాను. ఒక ప్రకటన ఇస్తారు, కింద రెండు ఊహలు ఇస్తారు. ఆ మాట అన్నవాడు పైకి చెప్పకుండా మనసులో దేన్ని ఖాయం చేసుకుని అన్నాడో మనం పట్టుకోవాలి. మా నాయన పొద్దున అంగడి తెరిచింది మొదలు చేసే పని అదే. ఆయన ఏ పరీక్షా రాయలేదు గానీ, రాసుంటే ఈపాటికి మేనేజరుగా రిటైరయ్యేవాడు. అప్పట్లో నా నమ్మకం అది.

ఆ బ్యాచ్‌లో ఒకావిడ ఉండేది. ముప్పైకి దగ్గర పడింది. భర్త కువైట్‌లో డ్రైవరు. అత్తగారిల్లు పులివెందుల, పుట్టిల్లు జమ్మలమడుగు. కోచింగ్ కోసం నాలుగు నెలలు పుట్టింటికి వచ్చి ఉంది. క్లర్కు పరీక్షకు వయసు ప్రకారం ఆమెకు ఇంక రెండే అవకాశాలు మిగిలాయి, ఆ ఏడాదీ మరుసటేడూ. అత్తగారు మాత్రం ఒక్కసారికే ఒప్పుకుంది. మొదటి రోజు అందరూ ఊరూ పేరూ చెప్తుంటే, ఆమె లేచి ఈ సంగతి కూడా చెప్పి కూర్చుంది. అంత ముందుగా తన అవసరం చెప్పేసుకునే మనిషిని చూస్తే బేరగాడికి నోరూరుతుంది. మొదటి రోజే ఆమె అలుసైపోయింది నాకు.

ఒకరోజు బోర్డు మీద ప్రకటన రాశాను: 'మా అంగడిలో ఒకటే ధర. బేరం లేదు.' కింద రెండు ఊహలు. ఒకటి, వచ్చేవాళ్ళు బేరం ఆడవచ్చు. రెండు, చుట్టుపక్కల అంగళ్ళలో బేరం ఆడనిస్తారు. రెండూ ఉన్నాయని నేనే జవాబు చెప్పాను. పక్కవాడు తగ్గించి అమ్మకపోతే ఇలాంటి బోర్డు ఎవడు పెడతాడని మా వీధి కథలు నాలుగు చెప్పి నవ్వించాను. ఆమె లేచి నిలబడింది.

"ఊర్లో అదొక్కటే అంగడి ఉన్నా ఆ బోర్డు పెట్టచ్చు గదా సార్? అప్పుడు రెండోది ఉండదు గదా."

నిజానికి ఆ అధ్యాయమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఊహను తీసేసి చూడాలి. తీసేసినా ప్రకటన నిలబడితే అది ఊహ కాదు. లోకంలో మామూలుగా ఏం జరుగుతుందో మనకు తెలిసినదంతా అందులో చేర్చకూడదు. ఆమె ఎవరూ చెప్పకుండానే అక్కడికి చేరింది. ముప్పైమంది ముందర చేరింది, అదే ఆమె చేసిన తప్పు.

"ఊర్లో ఒకటే అంగడుంటే బోర్డెందుకమ్మా," అన్నాను. "తాళం ఏసుకోని పోయినా జనం వాకిట్లోనే కూచోనుంటారు." క్లాసు నవ్వింది. ఆగివుంటే సరిపోయేది. నవ్వు దొరికాక ఆగడం మా ఇంట్లో ఎవరికీ రాదు. "సంపాదించేది కువైట్లో మీ ఆయన, కట్టుకునేది ఈడ నువ్వు. బేరమెట్ల తెలుస్తాది నీకు?"

ఈసారి నవ్వు మెట్ల మీదుగా ఎరువుల అంగట్లోకి కూడా వినిపించి ఉంటుంది. ఆమె కూర్చుంది. ఆ రోజు నుంచి వెనక కుర్చీలవాళ్ళు ఆమెను 'ఒకటే అంగడి' అని పిలవడం మొదలుపెట్టారు. నేను విననట్టు ఉన్నాను. ఆమె మళ్ళీ ఎప్పుడూ లేవలేదు. నేను చెప్పిన జవాబులు నేను చెప్పినట్టే నోటుబుక్కులో దించుకునేది.

పరీక్షకు తొమ్మిది రోజుల ముందు, పాత ప్రశ్నపత్రాలు జవాబులతో సహా ఉన్న పుస్తకం ఒకటి కొన్నాను. పిల్లల కోసమే కొన్నాను. ఆ అధ్యాయం తిరగేస్తే నేను చెప్పిన తీరుకు పది జవాబుల్లో ఆరు తప్పు. ఇంకోసారి చూశాను, అచ్చుతప్పులేమోనని. తప్పు పుస్తకానిది కాదు. అంగట్లో మనిషి మనసులో ఏమేం ఉండొచ్చో అన్నీ పట్టుకోవాలి. పరీక్షలో ఏది లేకపోతే ఆ మాటే నిలబడదో అది మాత్రమే పట్టుకోవాలి. నాలుగుసార్లు నేను ఎందుకు తప్పానో కూడా ఆ పూటే అర్థమైంది.

మరుసటి రోజు క్లాసులో చెప్పొచ్చు. పది నిమిషాల పని. నేను చెప్పలేదు.

మా అంగట్లో ఒక కట్టుబాటు ఉంది. కొనేవాళ్ళ ముందర ఒకసారి అన్న మాట, తప్పయినా సరే, వాళ్ళ ముందర సరిదిద్దుకోకూడదు. డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి చీర రకం తప్పు చెప్పి, నిజాయితీగా 'కాదమ్మా, పొరపాటైంది, ఇది వేరే రకం' అన్నాను. ఆవిడ లేచింది. ఆవిడతోబాటు పక్కన కూర్చున్న ముగ్గురూ లేచారు. నాయన తిట్టలేదు. వారం రోజులు నన్ను గిరాకీతో మాట్లాడనివ్వకుండా మడతలకే పరిమితం చేశాడు. ఆ పాఠం గట్టిగా వంటబట్టింది. పైగా ఆ వారమే కొత్త బ్యాచ్‌లో చేరేవాళ్ళు వచ్చి వెనక కూర్చుని నా పాఠం రుచి చూస్తున్నారు. ఆ తొమ్మిది రోజులూ నేను రక్తసంబంధాలూ, దిక్కులూ అనే వేరే అధ్యాయాలు చెప్పాను.

పరీక్ష రాసిన మరుసటి రోజు ఆమె మేడెక్కి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "ఆ ఊహలవన్నీ మీరు చెప్పినట్టే పెట్టినా సార్," అంది. మంచిదమ్మా అన్నాను.

ఒక్క మార్కు కూడా లేని తేడాతో తప్పింది. క్లాసులో మిగిలినవాళ్ళూ తప్పారు గానీ వాళ్ళకు పోయినవి పదులూ ఇరవైలూ. అందులో నా వంతు ఎంతో తేల్చడం ఎవరివల్లా కాదు. ఆమె ఒక్కదానికే సరిగ్గా నా వంతు తగ్గింది. ఆమె పులివెందులకు వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు నేనూ పాఠాలు మానేసి పూర్తిగా అంగట్లో కూర్చున్నాను.

మరుసటేడు ఎండాకాలం ఆమె వాళ్ళమ్మతో మా అంగడికి వచ్చింది. బంధువుల పెళ్ళికి చీరలు కావాలి. నేను అక్కడుంటానని వాళ్ళకు తెలియదు. వాళ్ళమ్మకు నాయన చీరలు పరుస్తుంటే, ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి పలకరించింది. భర్త ఇంకోసారి రాయమన్నాడట. వయసుకు ఇదే ఆఖరు. అత్తకు ఇంకా తెలియదు, ఆయనే వీలు చూసుకుని ఫోన్లో తన తల్లిని ఒప్పిస్తానన్నాడు. అంతవరకు వంటింట్లో ఒక మూల కూర్చుని చదువుతోంది.

"మిగతావన్నీ వస్తాయి సార్. ఆ ఊహలు మాత్రం ముట్టుకోను. నాకా తెలివి ల్యా."

అంత మామూలుగా అనేసింది. ఒక ఏడాదిపాటు ఆ మాటను రోజూ తనకు తాను చెప్పుకుని ఉంటేనే అది అంత మామూలుగా వస్తుంది. నేను ఉన్నదంతా చెప్పేశాను. ఆ రోజు బోర్డు మీది ప్రకటనకు ఆమె చెప్పిందే సరైనదని, నేను చెప్పింది తప్పని. చెప్తుంటే నాకు హాయిగా ఉంది. ఆ హాయిని పశ్చాత్తాపం అనుకున్నాను.

ఆమె విని, "మీకెప్పుడు తెలిసింది సార్?" అని అడిగింది.

"పరీక్షకు తొమ్మిది రోజుల ముందు."

ఆమె బల్ల మీదున్న చీర మడతను వేలితో నిమిరింది. "నాకు తొమ్మిది రోజులు చాలుండె సార్," అంది.

తిట్టివుంటే బాగుండేది. తిట్టలేదు గనక నాకు ఏదైనా చేయాలనిపించింది. పులివెందులకు వచ్చి మీ అత్తగారితో నేనే చెప్తానమ్మా అన్నాను. తప్పు నాదని, మీ కోడలు తెలివైందని, ఇంకోసారి రాయించమని చెప్తానన్నాను.

"వద్దు సార్. మా ఇంటికి రావద్దు."

మా అంగట్లో వద్దు అంటే వద్దని కాదు. వద్దని లేచి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, వెనక్కి తిరగకుండా నిలబడే ఆవిడే మా అసలు గిరాకీ. ఆ వద్దుకు 'ఇంకొంచెం అడుగు' అని అర్థం. పుట్టినప్పటి నుంచి వింటున్న వద్దులన్నీ అలాంటివే. మొహమాటపడుతోంది పాపం అనుకున్నాను. ఆమె అన్న నాలుగు మాటల్లో దాచిందేమీ లేదు. నేనే దాని కింద రెండు ఊహలు రాసుకుని, రెండూ ఉన్నాయని టిక్కు పెట్టుకున్నాను.

వారం తర్వాత పులివెందుల బస్సెక్కాను.

అత్తగారు వాకిట్లో అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఫలానా సారునని చెప్తే మర్యాదగా కుర్చీ వేయించి, మజ్జిగ తెమ్మని లోపలికి కేకేసింది. నేను చెప్పాల్సింది చెప్పాను. బస్సులో మూడుసార్లు చెప్పుకుని వచ్చాను గనక తడబడలేదు. ఆమె చేతిలో పని ఆపకుండా విన్నది.

"శానా మంచిమాట చెప్పినావప్పా. ఏదన్నా పనుండి వచ్చినావా ఈ పక్కకు?"

"లేదమ్మా. ఇది చెప్పాలనే వచ్చినా."

"ప్రొద్దుటూరు నుంచి, దీనికే?"

"దీనికే అమ్మా." నా చిత్తశుద్ధి ఆమెకు తెలియాలని గట్టిగా అన్నాను.

"మా ఇల్లెట్ల తెలిసింది?"

కోచింగులో చేరేటప్పుడు ఇచ్చిన కాగితంలో అడ్రసు ఉండిందని, రాసిపెట్టుకున్నానని చెప్పాను.

"రాసిపెట్టుకున్నావు." పిక్క ఒకటి పక్కన వేసింది. "మా వాడు కువైట్లో ఉండేది తెలుసు గదా నీకు?"

"తెలుసమ్మా."

"మళ్ళా పరీక్ష రాస్తాదని ఎవరు చెప్పిరి?"

"ఆమే చెప్పింది, మొన్న మా అంగడికొచ్చినప్పుడు."

ఆ మాట నోట్లోంచి జారాక గానీ నేను ఎక్కడ కూర్చున్నానో తెలియలేదు. నాకంటే పెద్ద బేరగత్తె ముందు కూర్చున్నాను. ఆమె ఒక్క నిందా వేయలేదు. ఒక్కొక్క ప్రశ్న వేసి, నా చేత్తోనే నా సరుకంతా అరుగు మీద పరిపించుకుంది.

"పెండ్లి బట్టలకని పోయిండె," అని తనలో తాను అన్నట్టు అని, లోపలికి చూసి పిలిచింది.

కోడలు మజ్జిగ గ్లాసుతో గడప దాకా వచ్చి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. లెక్క ఉంది. నేను ఎంతవరకు చెప్పి ఉంటానో ఆ ఒక్క క్షణంలో తేల్చుకుంటోంది. పరీక్ష హాల్లో కూడా అంత తొందరగా ఆలోచించి ఉండదు.

"నేను రమ్మనలేదత్తా," అంది.

"రమ్మన్నావని నేనన్నానా?" అంది అత్త.

గ్లాసు నా చేతికి వచ్చింది. తాగకుండా లేస్తే తప్పుగా ఉంటుందని తాగాను, మొత్తం తాగాను. నేను చెప్పులు వేసుకుంటుండగా అత్తగారు కొడుక్కు ఫోన్ కలపమని కోడలికే చెప్పింది. తనకు ఆ కొత్త ఫోన్ సరిగ్గా రాదట.

ఆ ఏడాది పరీక్ష జరిగింది. ఆమె రాయలేదు. ఆ సంగతి మూడు నెలల తర్వాత వాళ్ళమ్మ మా అంగడి ముందుగా పోతూ ఆగి చెప్పింది. లోపలికి రమ్మన్నాను, రాలేదు. పుస్తకాలు పాత కాగితాలవాడికి వేసేశారట. అల్లుడు ఫోన్ చేసి మాట్లాడేది ఇప్పుడు తన తల్లితోనేనట. నేను ఏదో చెప్పబోయాను.

"నువ్వేం చెప్పొద్దు నాయనా," అంది ఆవిడ.

ఊరుకున్నాను. ఒక మాటను అన్నది అన్నట్టుగా తీసుకోవడం అదే మొదటిసారి. అప్పటికి ఆవిడ కూతురికి పరీక్ష వయసు దాటిపోయి నెలరోజులైంది.