ఆఖరి చెరువు పెద్దాయన

మా చెరువు చేపల సొసైటీ పెద్దాయన గత నెల పోయారు. పొద్దున్నే కాఫీ కలుపుతుంటే పై ఊరి పంచాయతీ కార్యదర్శి ఫోన్ చేసి చెప్పారు. నిద్రలోనే పోయారట. కబురు మా కాలనీకంటే ముందు పై ఊరికి చేరిందంటే, ఆయన ఎక్కడెక్కడ తిరిగేవారో మీకే అర్థమవుతుంది.

శంషాబాద్ పక్కన మా మూడు చెరువులూ గొలుసుకట్టు. పై చెరువు నిండి మత్తడి దుంకితే నీళ్లు నడిమి చెరువుకు, అక్కడి నుంచి మా చెరువుకు వస్తాయి. పైది పంచాయతీది, నడిమిది ఇంకో శాఖది, మాది మున్సిపాలిటీది. మూడింటా గుర్రపుడెక్కే. ఈ నేలది కాని మొక్క, నీళ్లు కనబడకుండా అల్లుకుని కింద చేపలకు ఊపిరాడనివ్వదు.

నేను కాలనీ సంఘం కార్యదర్శిని. బెజవాడ నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా నాకు చెరువంటే గట్టు మీద వాకింగే. కిందటేడు మిషన్ పెట్టించి మా చెరువు శుభ్రం చేయించాం, ఫోటోలు దిగి లడ్డూలు పంచాం. పెద్దాయన గట్టున కూర్చుని ఒక లడ్డూ తిని వెళ్లారు. మొదటి పెద్ద వానకే పైనుంచి గుర్రపుడెక్క కొట్టుకొచ్చి, నెల తిరక్కుండా చెరువు మళ్లీ పచ్చబడింది. ముందే ఎందుకు చెప్పలేదని ఆయన మీదికి పోయాను.

"నువ్వు అడగలే గద బిడ్డా," అన్నారు.

ఒళ్లు మండింది. అయినా మర్నాటి నుంచి ఆయన వెంటే ఆఫీసులు తిరిగాను. ఆయన అర్జీలు రాసేవారు కాదు. తడి సంచిలో ఒక్క మొక్క తెచ్చి ఆఫీసరు టేబుల్ మీద పెట్టి, మీ చెరువుదే సారూ, మా దగ్గరికొచ్చింది అని నెమ్మదిగా చెప్పేవారు. నెత్తిమీద విమానం దిగుతుంటే మాట ఆపి, అది వెళ్లాక సరిగ్గా అక్కడినుంచే అందుకునేవారు. చెరువును చూడటం నాకు నేర్పింది ఆయనే.

చివరికి మూడు వైపులవాళ్లూ ఒకచోట కూర్చున్నారు. మళ్లీ పేచీ. మిషన్ ఒక్కటే, ముందు ఎవరి చెరువు? అందరికంటే గట్టిగా అరిచింది నేనే. పెద్దాయన లేచారు.

"పైనుంచి రాండ్రి. మా చెరువు ఆఖరికి పెట్టుండ్రి."

ఆఖరంటే సొసైటీవాళ్లు ఇంకో ఏడాది వల వేయలేరు. ఆయన సొంత తమ్ముడే మాటలు మానేశాడు. తమవి బాగుపడ్డాక వాళ్లు మన కోసం వస్తారా అని నేనూ నిలదీశాను.

"రాకుంటే ఆ మాట నా మీద ఏసుకుంట," అన్నారు.

పై చెరువు అయింది. నడిమిదీ అయింది. అంతలో ఆయన పోయారు. ఇక మన దగ్గరికి ఎవరొస్తారని తమ్ముడు గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. నాకూ నమ్మకం లేదు. ఆ సంగతి ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

దినాలైన మూడోరోజు పొద్దున్నే పై రెండు ఊళ్లవాళ్లూ తాళ్లు, వెదురుబొంగులు పట్టుకుని ట్రాక్టర్లలో దిగారు. వెనకే మిషన్. ఎవరూ పిలవలేదు. పై ఊరి నుంచి వచ్చిన ఒకామె కొంగు నడుముకు చుట్టుకుంటూ నాతో అంది:

"పెద్దమనిషి మా కోసం ఎనకకు నిలవడ్డడు. ఇగ మేం ఇంట్ల ఎట్ల గూసుంటం?"

వారం పట్టింది. నిన్న సాయంత్రం తమ్ముడు, ఏడాదిగా గట్టున బోర్లించి ఉన్న అన్న తెప్పను నీళ్లలోకి దించాడు. వల తీసుకోలేదు. గడ వేసుకుంటూ ఒక్కడే చెరువు నడుమకు పోయి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తెప్ప చుట్టూ నాలుగు వైపులా నీళ్లే.