కరుప్పాయి వినే పెట్టె

అరవదేశంలోని పీలమేడులో, మిల్లు కూలీల లైను ఇళ్లలో మా ఇంటికీ యేసుదాస్ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. అతను మిల్లులో కరెంటు పని చేసేవాడు. భార్య కరుప్పాయి కూడా అదే మిల్లులో పనిచేసి, పత్తి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మంచాన పడింది. రోగం కన్నా, ఆదివారం చర్చికి పోలేకపోవడమే ఆమెను ఎక్కువ తినేసింది.

యేసుదాస్ చేతులు ఊరుకునేవి కావు. పాత ఇనుప కొట్లో దొరికిన సామాన్లతో రెండు పెట్టెలు చేశాడు. ఒకటి చర్చిలో ఉండి అక్కడి మాటలు గాలిలోకి పంపేది. రెండోది కరుప్పాయి తలగడ దగ్గర వాటిని వినిపించేది. పాటలూ ప్రార్థనా అరవంలో వచ్చేవి. అందరూ వెళ్లాక మాత్రం అతను చర్చి నుంచే మన తెలుగులో అడిగేవాడు: “కరుప్పాయీ, కూడు తింటివా?” ఆమె పెట్టెకేసి తల ఊపేది. మేం పగలబడి నవ్వేవాళ్లం. నిజానికి ఆ ముఖంలో వెలుగు చూడ్డానికే ఆ మంచం చుట్టూ చేరేవాళ్లం.

దానికి లైసెన్సు కావాలని మాలో ఎవరికి తెలుసు? పైగా అది పాకిస్తాన్ యుద్ధం జరిగిన ఏడు. దగ్గర్లోని సూలూరు మిలిటరీ విమానాల రేడియోలో ఏదో గొంతు అడ్డొస్తోందని వెతుక్కుంటూ పోలీసు జీపు మా లైన్లోకి వచ్చింది. యేసుదాస్ షిఫ్టులో ఉన్నాడు. అతను ఎప్పుడో ఆ సూలూరు విమానాల స్థావరంలో పనికి అర్జీ పెట్టుకున్నాడు. ఆ పని ఇవ్వడానికే వచ్చారనుకుంది పిచ్చితల్లి కరుప్పాయి.

“ఇనేది ఇది సార్. పంపేది సర్చిలో ఉండాది. రెండూ మా ఇంటాయనే సేసినాడు. ఎవురూ నేర్పలేదు!”

మొగుడి గొప్ప నలుగురిలో చెప్పుకునే అవకాశం ఆమెకు జన్మలో అదొక్కటే దొరికింది. ఆ మాటలే సాక్ష్యమయ్యాయి.

విమానాల రేడియోలో వినబడిన ఆ కూడు మాటకు అర్థమేమిటని కోర్టులో అడిగారు. శత్రువులకు రహస్య కబురేమోనని వాళ్ల అనుమానం. యేసుదాస్ తల వంచుకుని చెప్పాడు. అందరూ నవ్వారు. మేం నవ్విన నవ్వు వేరు, అది వేరు. నాకు ఒళ్లు మండిపోయింది. జరిమానాతో జైలు తప్పింది గానీ, నేరానికి వాడిన సామగ్రి సర్కారుకు జప్తు అన్నారు.

“పంపేదాన్ని ఎత్తుకోండి సామీ. ఇనేదాన్ని ఇడిసిపెట్టండి. ఆమె మంచాన ఉండాది” అని బతిమాలాడు. రెండూ నేరానికి వాడినవేనని తీర్పు.

తన నోటితోనే మొగుణ్ణి పట్టిచ్చానని కరుప్పాయి కుమిలిపోయింది. అతను ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు. పెట్టె ఉన్న చోట మరో వస్తువు పెట్టనిచ్చేది కాదు. కూడు కూడా తగ్గించేసింది.

ఆమె బతికిన ఆఖరి ఆదివారం యేసుదాస్ చర్చి మానేసి మంచం పక్కనే కూర్చున్నాడు. గోడకు ఇవతల నేను గంజి వారుస్తున్నాను. “కరుప్పాయీ, కూడు తింటివా?” అన్న గొంతు వినిపించింది. ఎన్నాళ్లకో అని నా ప్రాణం లేచొచ్చింది.

“మెల్లగా మామా” అంది కరుప్పాయి. “ఎవురైనా ఇంటే నిన్ను గూడా ఎత్తుకోని పోతారు.”