ఉప్పుగాలిలో పాత కారు

భావనపాడులో మా బావ చేపల వ్యాపారి. రోజూ సాయంత్రం తన పాత కారు మీద బిందెడు మంచినీళ్లు పోసి, ఉప్పు కడిగి, బానెట్ మీద రెండుసార్లు తట్టేవాడు. "నీ రోజు వస్తాదే," అనేవాడు దానితో. ఒకప్పుడు వీధికొకటి కనిపించిన కారే అది. కంపెనీ తయారీ ఆపేశాక ఆయన కంటికి బంగారమైంది. దొరకనిదల్లా విలువైనదైపోతుందా అని నేను ఎన్నిసార్లు పోట్లాడానో!

అక్కకు ఉబ్బసం, సముద్రపు చెమ్మ పడదు. టెక్కలికి మకాం మార్చమని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. అక్కడి అద్దె ఇంట్లో కారు పెట్టడానికి చోటు లేదని, అది అమ్ముడయ్యాకే కదులుదామని బావ పట్టు.

చివరికి విశాఖ నుంచి పాత కార్లు సేకరించే ఒకాయన వచ్చాడు. బావ అడిగిన ధరకే ఒప్పుకుని, కారును చెమ్మ తగలకుండా ఏసీ గదిలో పెట్టుకుంటానన్నాడు.

"బాబూ, కారెందుకు గానీ, ఆ గదిలో నన్నెట్టండి," అంది అక్క దగ్గుతూనే. అందరం నవ్వాం. బావ నవ్వలేదు. జేబులోంచి తాళంచెవి తీసి ఆయనకు ఇవ్వబోయాడు.

"ఇలాంటివి ఇక దొరకవండీ. ఏటేటా రేటు పెరగడమే," అన్నాడాయన మురిసిపోతూ.

బావ చెయ్యి ఆగింది. తాళంచెవి మళ్లీ జేబులోకి పోయింది.

"మా అక్కలాటిది ఇంకొకర్తి దొరుకుతాదేటి బావా?" అని అరిచాను.

"రెండేళ్లు ఆగవే మరదలా," అన్నాడు. తర్వాత అక్క దగ్గు తగ్గేదాకా నిలబడి, ఆమెతో మెల్లగా అన్నాడు: "రెండేళ్లే."